పుండు పడని ఎలుకలు

రాష్ట్ర వనౌషధ పరీక్షా సంస్థలో ఎలుకలకు కడుపులో పుండ్లు పడటం లేదు. సంస్థ పుట్టిన నాటి నుంచి ఇంతకన్నా పెద్ద కష్టం రాలేదు. వేరే చోట ఎలుకలు ఇంత ఆరోగ్యంగా తిరిగితే ఓ పిల్లిని తెచ్చి వదిలేవారు. ఇక్కడ కమిటీ వేశారు.

సంగతేమిటంటే, ఆ సంస్థవాళ్లు ఒక ఆకును పరీక్షిస్తున్నారు. గుట్టల కింది ఊళ్లలో దాన్ని సల్లాకు అంటారు. కడుపులో మంట పుడితే గుప్పెడు ఆకు నూరి మజ్జిగలో కలుపుకొని తాగి, తుండు దులిపి పనికి పోతారు. సంస్థ కాగితాల్లో దాని పేరు 'నమూనా పదిహేడు'. అది నిజంగా కడుపును కాపాడుతుందో లేదో తేల్చాలి. తాతముత్తాతలు తాగి బతికారన్నది రుజువు కాదు, ఎందుకంటే తాతముత్తాతల మీద ఎవరి సంతకమూ లేదు.

రుజువు కోసం ఇరవై నాలుగు తెల్ల ఎలుకల్ని తెప్పించారు. పన్నెండింటికి రోజూ ఆకు కషాయం పోస్తారు. అవి ఆకు గుంపు. మిగతా పన్నెండింటికి ఉత్త నీళ్లు పోస్తారు. అవి నీళ్ల గుంపు. నెల గడిచాక అన్నిటికీ పుండ్లు పుట్టించే నొప్పి మాత్రలు అరగదీసి పోసి, దారమంత సన్నని కెమెరాను గొంతులోంచి దింపి కడుపులు చూస్తారు. నీళ్ల గుంపుకు పుండ్లు పడి, ఆకు గుంపుకు పడకపోతే ఆకు గెలిచినట్టు.

చూశారు. ఆకు గుంపు కడుపులు అద్దాల్లా ఉన్నాయి. నీళ్ల గుంపు కడుపులు కూడా అద్దాల్లాగే ఉన్నాయి. రెండో నెల చూశారు, మూడో నెల చూశారు. కడుపులో చల్ల కదలకుండా బతకడమంటే ఏమిటో ఆ నీళ్ల గుంపును చూసి నేర్చుకోవాలి.

ఆ ఎలుకల ఇంటిని చూసుకునేది ఓదెమ్మ. పదిహేనేళ్లుగా కాంట్రాక్టు మీదే ఉంది. ఏటా మార్చి నెలాఖరున ఒక కాగితం వస్తే మరుసటి ఏడాదికి పని ఉన్నట్టు, రాకపోతే లేనట్టు. పెనిమిటి పోయిన ఏడు ఆ పనిలో చేరింది. అప్పటి నుంచి ఆమె ఇంటి పొయ్యి వెలిగేది ఆ కాగితం మీదే. బోనులు కడగడం, దాణా పెట్టడం, పెట్టింది రిజిస్టరులో రాయడం ఆమె పని. నలభై దాటాక అక్షరాలు దిద్దుకున్న మనిషి కావడంతో ఒక్కో అక్షరం చిక్కుడు గింజంత రాస్తుంది. చత్వారం ఉన్నవాళ్లకు కూడా అద్దాలు లేకుండా కనిపిస్తుంది.

ఎలుకలకు పుండ్లు ఎందుకు పడటం లేదో ఓదెమ్మకు మొదటి రోజు నుంచీ తెలుసు. ఆకు కషాయం కాచి వడగట్టాక రోజూ బకెట్టెడు పిప్పి మిగులుతుంది. మామూలుగా అయితే పెంటకుప్ప మీద పోసేది. అయితే సంస్థలో 'శూన్య వ్యర్థ విధానం' అమల్లోకి వచ్చింది. ఆవరణలో పుట్టిన ఏ చెత్తా గేటు దాటకూడదు, కాల్చకూడదు, పూడ్చకూడదు. ఈ విధానానికి డైరెక్టరు పురుషోత్తమరావు గారికి ఒక వెండి షీల్డు కూడా వచ్చింది. పిప్పిని ఏం చేయాలని ఓదెమ్మ అడిగితే పరిపాలనాధికారి జగదీశ్వర్ గారు 'సముచిత రీతిలో ఆవరణయందే వినియోగించవలెను' అని రాసిచ్చారు. ఆవరణలో ఆకు తినేవి ఎలుకలే. ఓదెమ్మ ఆ పిప్పిని దాణాలో కలిపి పెట్టింది. ఆకు గుంపుకూ పెట్టింది, నీళ్ల గుంపుకూ పెట్టింది. పంక్తిలో వలపక్షం చూపడం ఆమెకు చేతకాదు.

ఈ మాట ఆమె దాచలేదు. ప్రయోగం చేసే శాస్త్రవేత్త డాక్టర్ అరుంధతి తల పట్టుకొని కూర్చున్న రోజే చెప్పింది.

"అమ్మా, నీళ్ల గుంపు అని మీరంటున్నరు గని, అవి రోజూ సల్లాకు పిప్పి తింటున్నయి. ఇంక పుండు యాడికెల్లి పడ్తది?"

అరుంధతి చిన్న వయసుది, చదువు మీద ఇంకా నమ్మకం పోనిది. లేచి నిలబడి, ఓదెమ్మ రెండు చేతులూ పట్టుకొని, వెంటనే ఒక నోటు రాసి పైకి పంపింది. పది రోజులకు అది తిరిగి వచ్చింది. 'సదరు సమాచారము సాంకేతికేతర సిబ్బంది ద్వారా మౌఖికముగా అందినందున పరిగణించుటకు వీలుపడదు' అని దాని మీద ఉంది. అరుంధతి అదే సమాచారం తన పేరున రాసి మళ్లీ పంపింది. 'పిప్పిని నిలిపివేయుట శూన్య వ్యర్థ విధానమునకు భంగకరము. మరొక కారణము సూచించగలరు' అని జవాబు వచ్చింది. మూడోసారి పంపిన నోటు తిరిగి రాలేదు. దాన్ని ఏ ఫైల్లో పెట్టాలో తేల్చడానికి మరో ఫైలు తెరిచారని తెలిసింది.

ఇక అసలు కారణాన్ని పక్కన పెట్టి మిగతా కారణాలన్నీ వెతకడం మొదలైంది.

నొప్పి మాత్రల మోతాదు పెంచుదామంటే జంతు సంక్షేమ కమిటీ ఒప్పుకోలేదు. చన్నీళ్లలో ముంచుదామంటే అసలే ఒప్పుకోలేదు. పుండ్లు మానసిక ఒత్తిడి వల్ల కూడా పడతాయి కాబట్టి ఆ దారి పట్టవచ్చని, అయితే 'ఆ ఒత్తిడి ఈ సంస్థ ఉద్యోగులు ప్రతిదినము అనుభవించు ఒత్తిడికి మించరాదు' అని షరతు పెట్టింది. ఆ వాక్యం చదివి డైరెక్టరు గారు చాలా రోజుల తర్వాత నవ్వారు. మించవలసిన అవసరం లేదు, అంత ఉంటే చాలు అన్నారు.

మరుసటి సోమవారం నుంచి ఎలుకలు ఉద్యోగులతో సమానమయ్యాయి.

తొమ్మిదిన్నరకు హాజరు. ఓదెమ్మ ఒక్కో ఎలుకను పట్టుకొని దాని ముందుకాలిని వేలిముద్రల యంత్రం మీద ఆనించేది. 'సరిపోలలేదు, మళ్లీ ప్రయత్నించండి' అని యంత్రం చెప్పేది. నియమం ప్రకారం హాజరు పడేదాకా ఎవరూ అక్కడి నుంచి కదలకూడదు. పక్కన నిలబడి పర్యవేక్షిస్తున్న జగదీశ్వర్ గారు మొదటి రోజు పన్నెండున్నర దాకా నిలబడ్డారు. ఎలుకలు ఓదెమ్మ అరచేతిలో వెచ్చగా కునికిపాట్లు పడ్డాయి. ఆయన ఆ రోజు టిఫినూ తినలేదు, భోజనమూ చేయలేదు. రెండు టీలు మాత్రం తాగారు.

తర్వాత సమీక్షా సమావేశం. పొడవాటి బల్ల మీద ఇరవై నాలుగు బోనులు, చుట్టూ పదకొండు మంది అధికారులు. డైరెక్టరు గారు తెర మీద బొమ్మలు వేసి చూపించారు. ఈ త్రైమాసికానికి పుండ్ల లక్ష్యం ఇరవై నాలుగు, సాధించినది సున్నా. సున్నా అనే మాట ఆయన ఎంత గంభీరంగా అన్నారంటే, అధికారులందరూ ఒకేసారి పొట్ట మీద చెయ్యి వేసుకున్నారు. సమావేశం నాలుగు గంటలు నడిచింది. రెండో బొమ్మకే ఎలుకలు నిద్రపోయాయి. ఆ వెసులుబాటు అధికారులకు లేదు.

మూడో వారం ఎలుకలకు సంజాయిషీ నోటీసులు ఇచ్చారు. 'లక్ష్యసాధనలో నిర్లక్ష్యము వహించినందున మీపై ఏల చర్య తీసుకొనరాదో తెలుపవలెను' అని ఒక్కో బోనుకు ఒక్కో కాగితం అతికించారు. ఎలుకలు వాటిని తినేశాయి. తినడాన్ని అందినట్టు లెక్కించాలా, తిరస్కరించినట్టు లెక్కించాలా అన్న దాని మీద జగదీశ్వర్ గారు ఏడు పేజీల నోటు తయారు చేశారు. అది రాస్తుండగానే ఆయనకు మొదటిసారి చాతీ కింద నిప్పు పెట్టినట్టయింది.

అప్పటి నుంచి సంస్థలో ఒక్కొక్కరికి ఒక్కోలా మొదలైంది. ఒకరు కారం మానేశారు. ఒకరు సొరుగులో తెల్ల మందు సీసా పెట్టుకున్నారు. డైరెక్టరు గారు మాట్లాడుతూ మాట్లాడుతూ మధ్యలో ఆగి, ఏదో గుర్తొచ్చినవాడిలా కళ్లు మూసుకునేవారు. అధికారులందరూ ఒకరి తర్వాత ఒకరు పట్నం పోయి గొట్టం మింగి పరీక్షలు చేయించుకున్నారు. ఆ రిపోర్టులను సెలవు దరఖాస్తులకు జతచేసి జగదీశ్వర్ గారికే ఇచ్చారు. ఆయన తన రిపోర్టును కూడా అందులోనే పెట్టి ఫైలుకు తాడు కట్టారు.

నడక చూసి కడుపుమంట పట్టగల మనిషి ఓదెమ్మ. ఒకనాడు జగదీశ్వర్ గారు బోనుల లెక్క చూసే నెపంతో వచ్చి గోడకు ఆనుకుని నిలబడితే, ఏమీ అడగకుండానే పిప్పి నూరి మజ్జిగలో కలిపి ఇచ్చింది. ఆయన అటూ ఇటూ చూసి గటగటా తాగేశారు. గంట తర్వాత మొహం తేటపడింది. ఆ తర్వాత ఎలుకల ఇంటికి తనిఖీలు పెరిగాయి. పదకొండు గంటలకు ఒకరు, పదకొండుంబావుకు ఒకరు, ఒకరి కంట ఒకరు పడకుండా వచ్చిపోయేవారు. ఆఖరికి డైరెక్టరు గారు కూడా గాలి వెలుతురు పరిశీలించడానికి వచ్చి, పరిశీలన అయ్యాక మూతి తుడుచుకుని వెళ్లారు. ఓదెమ్మ ఇంటి నుంచి మజ్జిగ ఎక్కువ తేవలసి వచ్చింది.

ఫిబ్రవరి ఆఖరున పిడుగు పడింది. ఆరు నెలలుగా ఒక్క పుండు కూడా ఎందుకు పడలేదో చూడటానికి రాజధాని నుంచి ప్రొఫెసర్ ఇందుమతీదేవి గారు వస్తున్నారని ఉత్తరం వచ్చింది. ఆమె వచ్చేలోగా బాధ్యులెవరో తేలాలి. సంస్థలో అందరికన్నా కింద ఉన్నది ఎవరో చూస్తే సులభంగానే తేలింది.

ఓదెమ్మకు ఆ సంగతి చెప్పే కాగితం ఇవ్వడానికి జగదీశ్వర్ గారే వచ్చారు. ముందు మజ్జిగ తాగారు. గ్లాసు కింద పెట్టి, జేబులోంచి మెమో తీసి ఇచ్చారు. 'ప్రయోగ జంతువులకు అనుమతి లేకుండా ఆరోగ్యము కలుగజేసినందున' ఈ మార్చి తర్వాత ఆమె సేవలు అవసరం లేదని అందులో ఉంది. ఓదెమ్మ కూడబలుక్కుని రెండుసార్లు చదివింది.

"నా వల్లనే పుండ్లు పడలేదని రాసిన్రు."

"నీ వల్లే కదా ఓదెమ్మా."

"నా వల్లనే సారూ. ఆకు నేనే పెడ్తున్న. మొదటి సంది చెప్తనే ఉన్న."

జగదీశ్వర్ గారు కంగారుగా తలుపు వైపు చూశారు. "ఆకు మాట ఎత్తకు. ఆకు కారణం కాదు. నువ్వు వాటిని మరీ ముద్దుగా చూసుకుంటున్నావు, అదీ కారణం."

"ముద్దుగ చూస్తే పుండ్లు పడవా?"

"నివేదికలో అలా ఉంది."

ఓదెమ్మ మెమో మడిచి కొంగున ముడేసుకుంది. "మరి ఏప్రిల్ సంది మజ్జిగకు ఎవరి దగ్గరికి వస్తరు?" అని అడిగింది. ఎత్తిపొడుపు కాదు, తెలుసుకుందామనే అడిగింది. జగదీశ్వర్ గారు ఆ సంగతి ఆలోచించినట్టు లేరు. మొహం మళ్లీ వాడిపోయింది.

ఇంటికి పోయాక ఆమెకు అన్నం సహించలేదు. పని పోతే పోయె, ఇంకో పని చూసుకోవచ్చు. ఈ వయసులో ఎవరిస్తారన్నది వేరే మాట. తప్పు చేశావని రాశారే, అదీ మింగుడు పడనిది. పదిహేనేళ్లలో ఒక్క పూట దాణా తప్పలేదు, రిజిస్టరులో ఒక్క గీత అబద్ధం రాయలేదు. తెల్లారి లేచి ఎప్పటిలాగే పనికి వచ్చి, రిజిస్టరు దుమ్ము దులిపి పెట్టుకుంది.

ఇందుమతీదేవి గారు వచ్చారు. అరవై దాటిన సన్నటి మనిషి, నూలు చీర, చేతిలో ఒక సంచి. డైరెక్టరు గారు రెండు గంటల పాటు వివరించారు. వేలిముద్రల గురించి, సమావేశాల గురించి, నోటీసుల గురించి, చివరకు సంరక్షకురాలి అతిప్రేమ గురించి చెప్పారు. ఆమె అన్నీ విని ఒకే ఒక్క మాట అడిగారు.

"ఇవి ఏం తింటాయి?"

ఆరు నెలల్లో ఆ ప్రశ్న ఏ కమిటీలోనూ రాలేదు.

"ప్రామాణిక దాణా అండీ" అన్నారు డైరెక్టరు గారు.

"రాసిపెట్టారా?"

గుమ్మంలో నిలబడ్డ ఓదెమ్మ రిజిస్టరు తెచ్చి ఆమె ముందు పెట్టింది. ఇందుమతీదేవి గారు సంచిలోంచి కళ్లద్దాలు తీయబోయి, అక్కర్లేదని మళ్లీ లోపల పెట్టేశారు. మొదటి పేజీ చదివారు. 'దాణా. సల్లాకు పిప్పి. అందరికి.' రెండో పేజీ చదివారు. 'దాణా. సల్లాకు పిప్పి. అందరికి.' అలా నూట ఎనభై ఆరు పేజీలు తిప్పారు. ప్రతి పేజీ కిందా 'చూచితిని' అని రెండు సంతకాలున్నాయి.

"ఈ సంతకాలు ఎవరివి?"

జగదీశ్వర్ గారు కిటికీలోంచి బయటికి చూశారు. డైరెక్టరు గారు కళ్లు మూసుకున్నారు. ఈసారి కూడా కడుపుమంట వల్లేనా అన్నది చెప్పడం కష్టం.

"సార్లవి" అంది ఓదెమ్మ. "రోజూ చూసిన్రు. చూసినమనే రాసిన్రు."

అయితే పురుషోత్తమరావు గారు ఊరికే డైరెక్టరు కాలేదు. రెండు నిమిషాల్లో కళ్లు తెరిచి, దీన్ని లోపంగా భావించరాదని, ముందుచూపుగా భావించాలని, ఇరవై నాలుగు ఎలుకలూ ఆకు తిని ఇరవై నాలుగూ క్షేమంగా ఉన్నాయంటే నమూనా పదిహేడు నూటికి నూరుపాళ్లు విజయం సాధించినట్టేనని చెప్పారు. తన గొంతు తనకే బలాన్నిచ్చినట్టు చివర్లో కొంచెం పెంచారు కూడా.

ఇందుమతీదేవి గారు తల ఊపారు. "బాగుంది. మరి ఆకు తినకుండా ఇదే ఒత్తిడిలో ఉన్న గుంపు కావాలి కదా. పోల్చి చూడటానికి."

అలాంటి గుంపు లేదని డైరెక్టరు గారు ఒప్పుకోబోయారు.

"ఉన్నది గదమ్మా" అంది ఓదెమ్మ. "సార్లున్నరు. అవే మీటింగులు, అదే వేలిముద్ర మిషను. ఆకు ముట్టకముందు సార్లందరికి పడ్డయి. రిపోర్టులు జగదీశ్వర్ సారు తాడు గట్టిన ఫైల్ల ఉన్నయి."

అరుంధతి లేచి వెళ్లి, తాడు కట్టిన ఫైలు తెచ్చింది. ఆమె నడకలో ఉన్న ఉత్సాహం క్రమశిక్షణా నియమాలకు లోబడి లేదు. ఇందుమతీదేవి గారు రిపోర్టులు ఒక్కొక్కటీ తిప్పి, కాగితం మీద రెండే వరుసలు రాశారు. ఆకు గుంపు: ఎలుకలు, ఇరవై నాలుగు. పుండ్లు, సున్నా. నీళ్ల గుంపు: అధికారులు, పదకొండు మంది. పుండ్లు, పంతొమ్మిది.

"ఇంత స్పష్టమైన ఫలితం నా సర్వీసులో చూడలేదు" అన్నారామె.

కానీ ఫలితం ఎంత స్పష్టంగా ఉన్నా పద్ధతి ఉండాలి. నీళ్ల గుంపును ముందుగా నమోదు చేయలేదు. పైగా ఆ గుంపు నెల రోజులుగా చాటుగా ఆకు తింటోందని విచారణలో తేలింది. ఇవాళ మజ్జిగ ఎవరెవరికి ఇచ్చావని అడిగితే ఓదెమ్మ వేళ్లు మడిచి పేర్లన్నీ చెప్పింది. కాబట్టి ప్రయోగం ఏప్రిల్ నుంచి ఏడాది పాటు మళ్లీ చేయాలి. ఎలుకలు ఆకు గుంపు, అధికారులు నీళ్ల గుంపు. ఒత్తిడి యథాతథం. సమ్మతి పత్రం మీద డైరెక్టరు గారు మొదటి సంతకం చేశారు. చేయకపోతే నూట ఎనభై ఆరు పేజీల సంతకాల సంగతి పైకి పోతుందని ఆయనకు ఎవరూ చెప్పనవసరం లేకపోయింది.

నియమావళి ప్రకారం ప్రయోగంలో ఉన్న ప్రాణులన్నీ ఒకే సంరక్షకురాలి కింద, ఒకే రిజిస్టరులో ఉండాలి. మధ్యలో ఆమెను మార్చకూడదు. మెమో వెనక్కి తీసుకున్నట్టు, కాంట్రాక్టు పొడిగించినట్టు రెండు కాగితాలూ ఒకే రోజు వచ్చాయి. ఓదెమ్మ రెండోదాన్ని కళ్లకద్దుకుంది. మొదటిదాన్ని నీళ్ల పొయ్యి అంటించడానికి వాడుకుంది.

ఏప్రిల్ ఒకటి నుంచి తొమ్మిదిన్నరకల్లా ఎలుకల ఇంటి ముందు పదకొండు మంది అధికారులు వరుసగా నిలబడేవారు. ఎవరి మెడలో వారి నంబరు బిళ్ల. ఓదెమ్మ ఒక్కొక్కరికీ ఒక గ్లాసు నీళ్లు ఇచ్చి, ఎదురుగానే తాగించి, రిజిస్టరులో రాసి సంతకం తీసుకునేది. లోపల ఎలుకలు కటకటా పిప్పి నములుతున్న చప్పుడు బయటికి వినిపించేది.

వారం తిరిగేసరికి వరుసలో నడుములు వంగిపోయాయి. పదో రోజు డైరెక్టరు గారు అందరూ పోయేదాకా ఆగి, గొంతు తగ్గించి అడిగారు.

"ఓదెమ్మా, కాస్త ఆ మజ్జిగ..."

"మీది నీళ్ల గుంపు సారూ."

"తెలుసు. కానీ లోపల మండిపోతోంది."

"తెలుస్తనే ఉన్నది సారూ. కానీ పద్ధతి ఉండాలె గద."

ఆయన ఉత్త గ్లాసు ఆమె చేతికిచ్చి వెళ్లిపోయారు. అంత పెద్ద మనిషి మెట్లు దిగుతూ చాతీ కింద చెయ్యి ఆనించుకోవడం ఆమె చూసింది. మెమో ఇచ్చారని కోపం ఉన్న మాట నిజమే. అయితే తన చేతి కింద ఉన్న ప్రాణి దేన్నీ మంటతో ఉండనిచ్చిన అలవాటు ఓదెమ్మకు లేదు. పైగా ఎలుకలు తినగా ఇంకా అర బకెట్టు పిప్పి మిగులుతూనే ఉంది, దాన్ని ఆవరణలోనే వినియోగించాలని కాగితం ఉండనే ఉంది.

మరునాడు గ్లాసుల్లో నీళ్లు కొంచెం ఆకుపచ్చగా ఉన్నాయి. జగదీశ్వర్ గారు వాసన చూసి, ఒక్క క్షణం ఆమె కళ్లలోకి చూసి, గ్లాసు చివరి చుక్క దాకా తాగారు. డైరెక్టరు గారు కళ్లు మూసుకుని తాగారు.

ఓదెమ్మ రిజిస్టరు తెరిచి, పెన్ను గట్టిగా పట్టుకుని, చిక్కుడు గింజలంత అక్షరాలతో ఉన్నదున్నట్టు రాసింది. 'నీళ్ల గుంపు. సల్లాకు పిప్పి కలిపిన నీళ్లు. అందరికి.'

రాసి, డైరెక్టరు గారి వైపు తిప్పింది. ఆయన అవతలి వారికి ఆనాటి సమావేశం గురించి ఏదో చెబుతూ, పేజీ వైపు చూడకుండానే, అలవాటైన చోట సంతకం పెట్టారు.

చూచితిని.